తల్లి కంచము: మన మెట్ట పల్లెలలో తల్లీబిడ్డల ఆహార చరిత్ర

శతవార్షికోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసము వ్రాయమని సంపాదకవర్గము వారు మా స్త్రీల మైత్రిని అడిగినప్పుడు మేము కొంత తటపటాయించాము. ఆలయముల చరిత్ర, పాఠశాలల చరిత్ర, గురువుల చరిత్ర వ్రాయగల పెద్దలు మన అధ్యక్ష మండలములో అనేకులున్నారు. ఆ చరిత్రలకు శంకుస్థాపన రాళ్ళున్నవి, రిజిష్టర్లున్నవి, ఫోటోలున్నవి. మేము ఎరిగిన చరిత్రకు రాయి లేదు. అది వంటింటి చరిత్ర. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు పల్లెలలో గర్భిణి ఏమి తిన్నది, బాలింత ఏమి తిన్నది, చంటిబిడ్డ నోటికి మొదట ఏమి అందినది, ఇంటిల్లిపాది తిని లేచిన తరువాత తల్లి కంచములో ఏమి మిగిలినది, ఇదియే మేము చెప్పదలచినది. మాలో పెద్దవారికి ఎనభై దాటినవి. చెప్పవలసినది ఇప్పుడే చెప్పాలి.

ముందుగా భూమి సంగతి చెప్పకుండా తిండి సంగతి చెప్పలేము. జగ్గయ్యపేటకు పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర పేట కట్టించిన తరువాత ఈ పేరు స్థిరపడినది. 1832-33 నాటి నందన కరువు కృష్ణకు ఇరువైపులా లెక్కలేనన్ని ప్రాణములను బలిగొన్నది. ఇరవై ఏండ్ల తరువాత 1852లో పని మొదలుపెట్టి 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట ముగించారు. ఆనకట్టకు దిగువనున్న నేల మాగాణి అయినది. ఎగువనున్న మన నందిగామ తాలూకా మెట్టగానే ఉండిపోయినది. కృష్ణ మన పొలిమేరనే, ముక్త్యాల ప్రక్కనే పారుచున్నా ఆ నీరు మన చేలకు ఎక్కదు. మునేరు, పాలేరు, వైరా వానాకాలములో పొంగి, ఎండాకాలములో ఇసుక తేలేవి. ఒకే జిల్లాలో క్రిందివారు వరి అన్నము తినేవారు, పైవారు జొన్నన్నము తినేవారు. డెల్టా గ్రామములో పిల్లనిచ్చిన తల్లి ‘మా పిల్ల బియ్యపన్నం తింటున్నది’ అని మురిసిపోయేది. 2022 ఏప్రిల్ నుండి మన రెండు పట్టణములు ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి పోయినవి గాని, మేమింకా కృష్ణా మెట్టవారమనే చెప్పుకొంటాము.

1859లో రాఘవాపురపు పగోలు వెంకయ్యగారి కాలము నుండి ఈ ప్రాంతమున ఏర్పడిన సంఘములలో అధికులు భూమి లేని కూలీలు, పాలేర్లు. కూలి చాలవరకు గింజల రూపమున వచ్చేది. జొన్నలు, వరిగలు. జొన్నలు దంచి, చెరిగి, నూకగా చేసి కుండలో వండేవారు. మిగిలిన గంజి మర్నాడు అంబలి. కూరకు గోంగూర, వేసవిలో చింతచిగురు, వానలు పడితే గట్ల మీద తోటకూర, పొన్నగంటి, చెంచలి. మునగచెట్టు లేని పెరడు తక్కువ. ఏటిలో దొరికితే చేపలు. కందులు చేనులోనివే అయినా కందిపప్పు మాత్రము కొనుక్కొనేవారి ఇంట ఎక్కువ, కోసినవారి ఇంట తక్కువ. ఇది చదివినవారికి మంచి తిండియే అనిపించవచ్చు. నిజమే, వస్తువులలో లోపము తక్కువ. కొరత కొలతలో ఉన్నది, వాటాలో ఉన్నది.

ఎందుకనగా కుండ దించిన తరువాత మొదటి వడ్డన నాగలి పట్టేవానికి. పిదప మగపిల్లలకు, అత్తగారికి, ఆడపిల్లలకు. కోడలు చివర కూర్చునేది. కూర అప్పటికి కుండ గోడలకు అంటుకొని ఉండేది. దానిలో నాలుగు మెతుకులు వేసి తుడుచుకొని తినడమే ఆమె భోజనము. ఎవరూ ఆమెను తినవద్దని అనలేదు. అడిగితే ‘తిన్నా’ అనేది. ఆ ఇంటిలో అందరికంటె ఎక్కువ తినవలసిన మనిషి, కడుపులో ఒక ప్రాణమునో ఒడిలో ఒక ప్రాణమునో మోసేది, ఆమెయే. ఈ వరుస పేదయిండ్లలోనే గాక కలిగినవారి యిండ్లలోనూ ఉన్నది. కాని కలిగిన యింట చివరి వంతుకు కూడ కొంత మిగులుతుంది.

ఇక కడుపుతో ఉన్నప్పటి ఆచారములు. వేవిళ్ళు తగ్గిన తరువాత ఆకలి వేస్తుంది గదా. అప్పుడే మంత్రసాని వచ్చి బుద్ధి చెప్పేది: “అమ్మాయీ, పొట్టనిండా అన్నమే పెట్టుకుంటే బిడ్డకు చోటెక్కడిదే?” మేము ఈ మాటకు నవ్వేవారము. తరువాత ఆలోచించగా నవ్వవలసిన మాట కాదని తెలిసినది. చిన్ననాటి నుండి తిండి చాలక ఎదగని పిల్లకు కటి ఇరుకుగా ఉంటుంది. ఆపరేషను చేసే డాక్టరు బెజవాడలోనో గుంటూరులోనో తప్ప లేరు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచిన సంగతి అందరికి తెలిసినదే. కాని మన పల్లె నుండి కృష్ణ దాటి బండి మీద గుంటూరు చేరేదాక నొప్పులు ఆగుతవా? బిడ్డ పెద్దదైతే తల్లి పోతుంది. కనుక బిడ్డ చిన్నగా ఉండాలి, కనుక తల్లి తక్కువ తినాలి. మంత్రసాని తాను చూచిన చావులను బట్టి చెప్పినది. ఆమె లెక్కలో తల్లి బ్రతికేది. చిన్నగా పుట్టిన బిడ్డ ఏడాదిలోగా పోతే అది దేవుని చిత్తమని అనుకొనేవారు. ఆ చిన్నబిడ్డ బ్రతికి ఆడపిల్లయి పెరిగితే ఆమె కటియు ఇరుకే.

తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి తీసుకొని వెళ్ళే ఆచారము ఒక గొప్ప మేలు. అక్కడ ఆమె కోడలు కాదు, కూతురు. ముందుగా కంచము పెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, ఎండలోనికి పోనివ్వని నాలుగైదు నెలలు ఆమె జీవితములో అవే. రెండవ కాన్పుకు తీసుకొని వెళ్ళినవారు తక్కువ. మూడవదానికి ఎవరూ రాలేదు. మా స్త్రీల కూటములలో ఎవరెవరికి ఏ బిడ్డతో ఒళ్ళు పాడైనదని అడిగితే, మొదటి బిడ్డతో అని చెప్పినవారు అరుదు.

కాన్పయిన తరువాత మొదటి మూడు రోజుల ముర్రుపాలు పిండి పారబోసేవారు. చెడుపాలు, బిడ్డకు అరగవు అనేవారు. బిడ్డకు ఆముదపు చుక్కలు, తేనె, చక్కెర నీళ్ళు. ఇందులో ఒక విచిత్రమున్నది. అదే ఇంటిలో గేదె ఈనితే ఆ ముర్రుపాలను ఒక్క చుక్క పారబోయరు. బెల్లము, మిరియాలు వేసి జున్ను వండి, ఇరుగుపొరుగుకు గిన్నెలతో పంచుతారు. బలమని పిల్లలకు పెడతారు. ఈనిన గేదెకు తవుడు, చెక్క, ఉలవలు అదనము. ప్రసవించిన మనిషికి మాత్రము పథ్యము.

పథ్యమును గూర్చి రెండు మాటలు. పెద్దలు ఏర్పరచిన పథ్యములో మంచి చాల కలదు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, బెల్లము, నెయ్యి చేర్చిన కాయము, నువ్వులు, వెల్లుల్లి, మునగాకు, పాత బియ్యపు అన్నము, మీద కమ్మని నెయ్యి. దానితోపాటు వద్దన్నవి కూడ కలవు: పప్పు వద్దు, కూరలు వద్దు, పండ్లు వద్దు, మంచినీళ్ళు ఎక్కువ త్రాగవద్దు. కలిగిన ఇంట ఈ రెండు భాగములు కలిసి ఉండేవి. పేద ఇంట నెయ్యి లేదు, కాయమునకు దినుసులు లేవు. వద్దన్నవి మాత్రము పైసా ఖర్చు లేకుండ దొరికినవి గనుక వాటిని నిష్ఠగా పాటించారు. ఎండుకారము, చారెడు అన్నము తిని బిడ్డకు పాలిచ్చిన బాలింతలను మేమెరుగుదుము. పదిహేనవ రోజున మిరపతోటకు పోయినవారిని కూడ.

బిడ్డ ఆరవ నెల దాటిన తరువాత వచ్చే కష్టమే పెద్దది. పాలు చాలవు, పండ్లు రాలేదు గనుక అన్నము పెట్టరు. ఏడాది వరకు, కొన్ని ఇండ్లలో ఇంకా ఎక్కువ కాలము, తల్లిపాల మీదనే ఉంచేవారు. బిడ్డ చిక్కి ముసలి ముఖము పడితే పక్షిదోషమనేవారు. కాళ్ళు, ముఖము ఉబ్బి, జుట్టు ఎర్రబారితే గ్రహమనేవారు, తాయెత్తు కట్టేవారు. సందెవేళ తడుముకొనే పిల్లవానికి రేచీకటి. ఈ మూడింటికి మూలము తిండిలోనే ఉన్నదని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ మాటకు వస్తే ప్రపంచములో ఎవరికీ అంత స్పష్టముగా తెలియదు. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టులో డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1933లో ఆ ఉబ్బు వ్యాధిని గూర్చి వ్రాసి, తరువాత అక్కడి తల్లులు పిలిచే పేరుతోనే దానిని క్వాషియార్కర్ అని లోకమునకు తెలిపారు. ఆ మాటకు అర్థము, మరొక బిడ్డ రాగా ఒడి పోగొట్టుకొన్న బిడ్డకు వచ్చే జబ్బు అని. ఆ తల్లులకు కారణము సగము తెలిసియే ఉన్నదన్నమాట.

మన దేశములో ఈ శాస్త్రము మద్రాసు రాజధానిలోనే పుట్టినది. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అను డాక్టరు ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధిపై విచారణ ఆరంభించారు. ఆయన ఎలుకలను వేరు వేరు ప్రాంతముల తిండిపై పెంచి చూశారు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, పచ్చికూరలు గల సిక్కుల తిండి తిన్నవి అన్నిటికంటె బలిసినవి. తెల్లబియ్యము తినే మద్రాసువారి తిండిపై పెరిగినవి అన్నిటికంటె తక్కువ తూగినవి. అప్పుడు మనమూ మద్రాసువారమే.

గర్భిణుల రక్తహీనతను గూర్చి మాట పుట్టినది మాత్రము బొంబాయిలో. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు అక్కడి మిల్లు కూలి స్త్రీలలో, కడుపుతో ఉండగా పాలిపోయి చనిపోయేవారిని పరిశీలించినది. మార్మైట్ అనే చౌక ఈస్టు సారము ఇస్తే వారు కోలుకొన్నారు. అందులో ఏదో తెలియని పదార్థమున్నదని ఆమె వ్రాసినది. ఆ పదార్థమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరములో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు. లాటిను భాషలో ఆకు అనే మాట నుండి వచ్చినది. నేడు ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే మాత్రలో ఇనుముతోపాటు ఉండేది అదే. మా గట్ల మీద తోటకూరలో ఉండేదీ అదే. ఎంత ఉడికించి ఎంత వార్చితే అంత పోతుందన్న సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది.

కూనూరు సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో నడుస్తున్నది. ఇది తెలుగువారి అదృష్టము. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకంటయ్య 1960లో జొన్న తినే బీదలలో కనిపించే పెల్లగ్రా వ్యాధిని గూర్చి వ్రాశారు. మెడ చుట్టు, ముంజేతుల మీద, ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పొలుసులు లేచే వ్యాధి అది. జొన్నలోని ల్యూసిన్ అనే పదార్థము దీనికి కారణము కావచ్చునని వారు సూచించారు. దానిపై శాస్త్రజ్ఞులలో తరువాత వాదములు నడిచినవి గాని, పాలు, పప్పు లేకుండ ఒక్క జొన్న మీదనే బ్రతికేవారికి అది వచ్చేదన్న సంగతిలో వాదము లేదు. ఈ మధ్య జొన్నరొట్టెను ఆకాశానికెత్తి, పూర్వము అందరూ ఆరోగ్యముగా ఉండేవారని ఉపన్యసించేవారు పెరిగినారు. వారు ఆ నల్లబడిన ముంజేతులను చూడలేదు.

ఇప్పుడు పాలపొడి కథ చెప్పాలి. ఇది మన కథ.

1954లో అమెరికా ప్రభుత్వము పి.ఎల్. 480 అనే చట్టము చేసి, తమ దేశములో మిగిలిన ధాన్యము, పాలపొడి పేదదేశములకు పంపసాగినది. అందులో కొంత క్రైస్తవ సహాయ సంఘముల ద్వారా మన పాఠశాలలకు, బోర్డింగులకు వచ్చినది. ఇప్పటికీ మా కళ్ళ ముందున్నది ఆ దృశ్యము: బడి ఆవరణలో రాళ్ళ పొయ్యి మీద గంగాళము, మరిగే నీటిలో తెల్లని పొడి పోసి తెడ్డుతో కలుపుచున్న టీచరమ్మ, రేకు గ్లాసులతో వరుసగా పిల్లలు. ఉండలు కట్టినవాటిని ఏరుకొని చప్పరించడము మాకు పండుగ. కొందరు పిల్లలకు కడుపు ఉబ్బరించి విరేచనములయ్యేవి. పాలు అలవాటు లేని పొట్టలకు పాలలోని చక్కెర అరగదని అప్పుడు తెలియదు, దొంగపాలు త్రాగినందుకు అని తిట్టేవారు.

ఆకలికి అది ఆదుకొన్నదనుట సత్యము. మాలో కొందరు ఆ గ్లాసుల మీద పెరిగినవారమే. కాని తప్పులు కూడ జరిగినవి, వాటిని శతవార్షికోత్సవమున దాచుట తగదు. మొదటిది, అది వెన్న తీసిన పాలపొడి. వెన్నతోపాటు ‘ఎ’ విటమిను పోయినది. రేచీకటి ఉన్న పిల్లలకు ఏ విటమిను అవసరమో అదియే అందులో లేదు. 1960ల మధ్యకాలము నుండి గాని ఆ పొడిలో దానిని కలుపలేదు. రెండవది, పాలపొడి పొట్లములు ఇంటికి వెళ్ళినప్పుడు వెనుకనే పాలసీసా వచ్చినది. దొరల బిడ్డలు సీసాపాలు త్రాగి బొద్దుగా ఉన్నారు గదా, మన తల్లులు కూడ చెంచాడు పొడిని సీసాడు ఏటినీళ్ళలో కలిపి పట్టసాగారు. తమ పాలు పలుచనివని, డబ్బాపాలు గొప్పవని నమ్మారు. మాలో ఒకరి చెల్లెలి బిడ్డ ఆ విధముగా విరేచనములతో పోయినది. ఆ సీసాను బహుమానముగా ఇచ్చినది మేమే. డబ్బాపాల ప్రచారమును అరికట్టుటకు 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి, 1992లో మన దేశములో చట్టము వచ్చినవి.

మూడవది మాకు అన్నిటికంటె ఎక్కువ బాధ కలిగించేది. పాలు పంచునప్పుడు బడి గేటు వద్ద తల్లులు నిలబడేవారు. చంకన ఒకటి, కడుపులో ఒకటి. పాలు బడి పిల్లలకని లెక్క వ్రాసి ఉన్నది గనుక వారికి పోయలేదు. ఒక ఎండాకాలము ఒకామె కొంగు ముఖమునకు అడ్డు పెట్టుకొని “ఒక్క గుక్కెడు, అమ్మగారూ, వాడికే” అని చంకలోని బిడ్డను చూపినది. లెక్క తప్పుతుందని పంపివేశారు. తనకని ఆమె అడగనేలేదు.

హైదరాబాదు పరిశోధకులు ఆ కాలముననే మరొక మంచి మాట చెప్పారు. పేదపిల్లలలో లోపము ముఖ్యముగా మాంసకృత్తులదని, అందుకు ప్రత్యేకమైన పొడులు, టానిక్కులు కావాలని లోకమంతట అనుకొంటున్న రోజులలో, ధాన్యము పప్పు కలిసిన మన మామూలు తిండియే కడుపునిండా పెడితే మాంసకృత్తులు కూడ చాలినంత వస్తవని, అసలు కొరత మొత్తము తిండిదని గోపాలన్‌గారు గట్టిగా చెప్పారు. ఆ ఆలోచనతో తయారైనదే హైదరాబాదు మిశ్రమము. వేయించిన గోధుమ 40 గ్రాములు, పుట్నాలు 16 గ్రాములు, వేరుశనగపప్పు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు. దంచి పొడి చేస్తే 330 కేలరీలు, 11 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు. మన పల్లెలో ఇందులో దొరకనిది ఏది? గోధుమ లేకపోతే జొన్నతోనో రాగితోనో చేసుకోవచ్చును. మా స్త్రీల కూటములలో దీనిని పిల్లల ఉండగా కట్టి చూపినప్పుడు ఒక ముసలమ్మ “ఇది మా అమ్మ జాతరకు చేసిన ఉండే గదా” అన్నది. సమస్య ఏమిటంటే జాతర ఏడాదికి ఒక్కసారి.

1970లో రెండు పనులు దేశమంతట మొదలైనవి. చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల ‘ఎ’ విటమిను చెంచాతో పోయడము, గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలివ్వడము. మొదటిది రేచీకటిని పల్లెల నుండి చాలవరకు తరిమివేసినది. రెండవది అంత సులభముగా సాగలేదు. మాత్ర వేసుకొంటే కడుపులో త్రిప్పుతుంది, మలము నల్లగా వస్తుంది, బిడ్డ నల్లగా పుడుతుందని పుకారు. ఇంటిలో ఎవరూ ‘వేసుకొన్నావా’ అని అడగరు. ఖాళీ కడుపున వేసుకొనే మాత్ర ఎంత కాలము వేసుకొంటారు?

1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మము జిల్లాలు దాటి చిట్టచివర మన మెట్టకు చేరాలి. ఎప్పుడు చేరునో, ఎంత చేరునో అన్న తగవు నేటికీ ఉన్నది. అయినా చేరినచోట వరి వచ్చినది, చేరనిచోట మిరప, ప్రత్తి పెరిగినవి. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చినది. ఆకలి చావులను గూర్చిన భయము ఆ బియ్యముతో మా వీధుల నుండి వెళ్ళిపోయినది, అది చిన్న సంగతి కాదు. మా తల్లులు కలలుగన్న బియ్యపన్నము ప్రతి ఇంటికి వచ్చినది. దానితో జొన్న వెళ్ళిపోయినది. నూరు గ్రాముల జొన్నలో ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములుంటే, మరపట్టిన తెల్లబియ్యములో ఒక్క మిల్లీగ్రాము కూడ లేదు. జొన్నలోనిదంతా ఒంటికి పట్టదు, అదీ నిజమే. అయినా తేడా తేడాయే. కంది చేను తగ్గి ప్రత్తి చేను పెరిగిన తరువాత పప్పు కూడ కొట్టులో కొనవలసిన వస్తువైనది. మందు కొట్టిన చేల గట్ల మీద ఆకుకూర కోయడానికి భయము.

మిరపకోతలు, ప్రత్తితీతలు ఆడవారి పని. సూర్యుడు రాకముందే ట్రాక్టరు ఎక్కితే చీకటి పడే వేళకు తిరిగి వస్తారు. చెట్టుకు చీరె ఉయ్యాల కట్టి చంటిదాన్ని పడుకోబెట్టినవారు కొందరు. ఏడేళ్ళ అక్కకు అప్పగించి పోయినవారు ఎక్కువ. ఆ అక్క గిన్నెలోని చల్లన్నము మధ్యాహ్నము వరకు తానే తిన్నదో, చెల్లికి పెట్టినదో ఎవరికి తెలుసు? రోజుకు అయిదారు సార్లు కొంచెము కొంచెముగా పెట్టాలని నర్సమ్మ చెప్పిన మాట తల్లికి గుర్తున్నది. పెట్టడానికి ఆమె ఇంట లేదు. తల్లులకు తెలివి చెప్పాలని సభలలో తీర్మానించే మనము ఈ సంగతి మరచిపోతాము.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశములో 33 బ్లాకులలో ఆరంభమైనది. అంగన్‌వాడీ అనే మాట అప్పటిది. తరువాతి దశలలో అది మన మండలములన్నిటికీ వచ్చినది. మొదట దీనిని పిల్లల ఉప్మా కేంద్రమని తేలికగా చూచినవారిలో మేమూ ఉన్నాము. ఆ ఉప్మా ఏమి చేసినదో తరువాత తెలిసినది. హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో 1987 నుండి 1990 వరకు పరిశోధకులు ఒక పరీక్ష జరిపారు. కొన్ని గ్రామములలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా ఇచ్చారు, తక్కినవాటిలో ఆ పథకము ఇంకా రాలేదు. 2003-05లో ఆ పిల్లలు యౌవనమునకు వచ్చిన తరువాత మరల వెళ్ళి కొలిచారు. ఉప్మా గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. వారి రక్తనాళములు మెత్తగా ఉన్నవి, షుగరు వ్యాధికి దారితీసే లక్షణములు తక్కువగా ఉన్నవి. తల్లి కడుపులో ఉండగా అందిన గిన్నెడు ఉప్మాకు పదిహేనేండ్ల తరువాత ఫలితము కనిపించినదన్నమాట.

2013లో రెండు సంగతులు జరిగినవి. ఆహార భద్రతా చట్టము గర్భిణికి, బాలింతకు ఉచిత భోజనము హక్కుగా వ్రాసినది. మన రాష్ట్రములో అమృత హస్తము పేరున అంగన్‌వాడీలో తల్లికి ఒక పూట పూర్తి భోజనము పెట్టుట మొదలైనది. అన్నము, పప్పు, కూర, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అంతకుముందు తల్లికిచ్చిన పొడి, పప్పు ఇంటికి పోయి కుండలో కలిసి, ఆ కుండ పాత వరుసలోనే వడ్డన అయ్యేది. ఇప్పుడు అత్తగారు, మామగారు లేనిచోట, ఆమెను కూర్చోబెట్టి ఆమె కంచములోనే వడ్డించారు. మేము చూచిన పథకములన్నిటిలో తల్లి కంచమును గుర్తుపట్టినది ఇదే. 2020లో కరోనా వచ్చి కేంద్రములు మూతపడగా సరుకులు మరల ఇంటికే ఇచ్చారు. అదే ఏడు సెప్టెంబరులో సంపూర్ణ పోషణ అను పేరుతో ఇచ్చే సరుకులను పెంచారు. సరుకు పెరిగినది. కుండ మరల ఇంటిదైనది.

ఇన్ని జరిగినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తము చాలలేదు. దానికి ముందటి సర్వేలో 60 మంది. అయిదేళ్ళలోపు పిల్లలలో వయసుకు తగ్గ పొడవు లేనివారు నూటికి 31 మంది. అప్పుడూ 31 మందే.

కరోనాకు కొన్ని ఏండ్ల ముందు, మధ్యాహ్న భోజనము కేంద్రములోనే పెట్టే రోజులలో, మేము ముగ్గురము మునేటి ఒడ్డున ఒక పల్లె అంగన్‌వాడీకి వెళ్ళాము. అయిదుగురు గర్భిణులు గోడవారగా కూర్చున్నారు. ఆయా పప్పన్నము వడ్డించి తలకొక గుడ్డు పెట్టినది. ఏడవ నెల అమ్మాయి ఒకతె గబగబ అన్నము తిని, గుడ్డును మాత్రము కొంగున ముడివేసుకొన్నది.

“ఎవరికమ్మా?” అని అడిగాము.

“మా పెద్దదానికి, అమ్మగారూ. దానికి గుడ్డంటే ఇష్టం.”

“మరి నీకు?”

“నేను అన్నం తిన్నాగా.”

కార్యకర్త మా వంక ఒకసారి చూచి, రిజిష్టరులో ఆమె పేరు ఎదుట గుడ్డు గడిలో టిక్కు పెట్టినది. మేము ఏమీ అనలేదు. చెప్పులు వేసుకొంటూ ఉండగా ఆ అమ్మాయి పాలగ్లాసును కూడ కొంగు క్రింద పట్టుకొని, తొణకకుండ మెల్లగా ఇంటివైపు నడిచిపోవుచున్నది.